బ్రానీ జేమ్స్: సగటు 4.8 పాయింట్లు, గొడవ మాత్రం నలభై పాయింట్ల వాడంత

గాలెన్_గోపి | 15 మార్చి 2024
నిన్న లాస్ వేగస్‌లో అరిజోనా చేతిలో ఓడటంతో యూఎస్‌సీ (లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) బాస్కెట్‌బాల్ సీజన్ ముగిసింది. 15 గెలుపులు, 18 ఓటములు. మొదట్లో దేశంలో 21వ ర్యాంకు ఇచ్చిన జట్టు ఇది, గుర్తుంచుకోండి. కానీ రేపు ఎవరూ జట్టు గురించి మాట్లాడరు. బెంచి మీద నుంచి వచ్చే ఒక్క కుర్రాడి గురించే, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో లేకర్స్ జట్టు స్టార్ లెబ్రాన్ జేమ్స్ కొడుకు బ్రానీ గురించే మాట్లాడతారు. అందుకే ఈ చర్చా దారం ముందే నేను మొదలుపెడుతున్నా.

ఆఫీసు నుంచి మెట్రో ఎక్కితే పావుగంటలో గాలెన్ సెంటర్, యూఎస్‌సీ ఆడే హాలు. ఈ సీజన్లో ఎనిమిది మ్యాచ్‌లు చూశా, ఎక్కువగా కార్నర్ వెనక సీట్లలో. బ్రానీ గురించి నాకు కనిపించింది రెండు ముక్కల్లో చెప్తా.

డిఫెన్స్‌లో వాడు నిజంగా బాగుంటాడు. ఎదుటి జట్టువాడు దారికి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెట్టగానే మామూలు ఫ్రెష్‌మన్ (కాలేజీ మొదటి ఏడాది కుర్రాడు) గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతాడు. వీడు ముందు కాలిని ఆ స్క్రీన్ పెట్టినవాడి పాదం అవతలకి వేసి, నడుము పక్కకి తిప్పి దూరిపోతాడు. బంతి ఉన్నవాడు తలెత్తేసరికి మళ్లీ వాడి ఎదురుగానే ఉంటాడు. టీవీలో ఇది కనపడదు, కెమెరా బంతి వెంటే పోతుంది.

రెండోది బాధగా ఉంటుంది. కార్నర్‌లో బంతి అందుతుంది, ముందు ఎవరూ లేరు, వేసేయాలి. వేయడు. ఒక్క అర సెకను చూస్తాడు. ఆ అర సెకనులో డిఫెండర్ వచ్చేస్తాడు, బంతి పక్కవాడికి ఇచ్చేస్తాడు. ఇచ్చాక అరచేతులు బూటు అడుగులకి రుద్దుకుంటాడు. ఒక్క మ్యాచ్‌లోనే నాలుగుసార్లు చూశా.

25 మ్యాచ్‌లు, 19.3 నిమిషాలు, 4.8 పాయింట్లు, 2.8 రీబౌండ్లు, 2.1 అసిస్ట్‌లు. నా మాట: ఇంకో ఏడాది ఉండాలి. ఈ ఏడాదే డ్రాఫ్ట్‌కి (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోటికి) పోతే వాడికే నష్టం. మీరేమంటారు?

కారంపొడి | 15 మార్చి 2024
గోపీ అన్నా, నువ్వు చెప్పనివి నేను చెప్తా. షూటింగ్ 36.6 శాతం. త్రీలు, అంటే దూరపు గీత వెనక నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, 26.7 శాతం. ఫ్రీ త్రో 67.6 శాతం. ముందు ఎవడూ లేని చోట, గడియారం ఆగి ఉండగా వేసే షాటు కూడా మూడింట ఒకటి పోతోంది. స్క్రీన్ దాటడం బాగుందట! ఇంటిపేరు జేమ్స్ కాకపోతే ఈ అంకెలతో వాడికి 19 నిమిషాలు ఇచ్చేవారా? డ్రాఫ్ట్ అనే మాట ఎవరైనా ఎత్తేవారా?

మన దగ్గరే నయం. హీరో గారబ్బాయి మొదటి సినిమా ఫ్లాప్ అయితే రెండో సినిమాకి బడ్జెట్ పెంచుతారు. అమెరికాలో అలా ఉండదు, అంతా టాలెంటే అనుకుంటూ వచ్చాం. ఇక్కడా అంతే.

బెజవాడ_బాస్కెట్ | 15 మార్చి 2024
కారంపొడీ, అంకెలు సరే. కానీ 19 నిమిషాలు పేరుకి ఇచ్చినవి కావు. పేరు చూసి ఆడిస్తే మొదటి నుంచీ స్టార్టర్‌గానే వేసేవారు. 25లో ఆరుసార్లే స్టార్ట్ చేశాడు, అదీ ఎక్కువగా గాయాల కాలంలో. ఐజయా కోలియర్ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, బూగీ ఎలిస్‌కి కొన్ని మ్యాచ్‌లు పోయాయి. గార్డులే లేరు, కోచ్ ఎవరిని దింపుతాడు?

నేను యూనివర్సిటీ జట్టుకి పాయింట్ గార్డ్‌గా ఆడాను. సిమెంటు కోర్టు, ఎండకి బంతి ఉబ్బి నెత్తికి ఎగిరేది. గోపి చెప్పిన ఆ అర సెకను నాకు బాగా తెలుసు. చెయ్యి రాక వచ్చేది కాదు. వేసి పోగొడితే ఎవరేమంటారో అన్న లెక్క. నాకైతే బయట నిలబడి చూసేది మా పీటీ సార్, చాయ్ బండి ఆయన. వాడికి ప్రపంచం మొత్తం.

కారంపొడి | 15 మార్చి 2024
లెక్క వేసుకుంటూ ఆడేవాడికి ఎన్‌బీఏలో చోటు లేదు బాస్. అక్కడ త్రీ లైను ఇంకా దూరం. కాలేజీలో 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో పై భాగంలో 7.24. దగ్గర నుంచే నాలుగింట ఒకటి పడుతుంటే అర మీటరు వెనక్కి జరిపితే ఏమవుతుంది?

నర్సక్క_ఎన్‌జే | 16 మార్చి 2024
మీ వాదన అంతా చదివాను తమ్ముళ్లూ. ఒక్కరు కూడా జులై మాట ఎత్తలేదు. నేను పదిహేనేళ్లుగా గుండె విభాగంలో పనిచేస్తున్నా, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

24 జులై 2023న అదే గాలెన్ సెంటర్లో ప్రాక్టీసు చేస్తూ ఆ పిల్లవాడు పడిపోయాడు. అది కార్డియాక్ అరెస్ట్. చాలామంది దీన్ని గుండెపోటు అంటారు, రెండూ ఒకటి కాదు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది. ఇక్కడ గుండె కొట్టుకునే పద్ధతే తప్పి, రక్తం పంపడం ఆగిపోతుంది. ఎవరైనా వెంటనే ఛాతీ మీద నొక్కాలి, షాక్ ఇచ్చే యంత్రం అందాలి. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం తగ్గిపోతుంది. పుట్టుకతో ఉన్న గుండె లోపమని తర్వాత తేలింది, దానికి చికిత్స చేశారు. మళ్లీ ఆడొచ్చని అనుమతి వచ్చింది నవంబర్ 30న.

ఇప్పుడు మీ బాస్కెట్‌బాల్ లెక్కే చూద్దాం. సీజన్ మొదటి మ్యాచ్‌కి ముందు 42 రోజుల్లో 30 ప్రాక్టీసులు చేయించొచ్చని కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ నియమం. ఆ ముప్ఫైలో ఇతను ఎన్నింటికి పూర్తిగా ఉన్నాడు? ఒక్కదానికీ లేడు. ఆ వేసవి, ఆ శరదృతువే కదా స్కూల్ కుర్రాడు కాలేజీ ఆట నేర్చుకునేది. నెలల తరబడి ఆపిన శరీరం అనుమతి కాగితం రాగానే తిరిగి రాదు. కాళ్లలో బలం పోతే మొదట దెబ్బ తినేది దూరం నుంచి వేసే షాటే అని మా అబ్బాయి కోచ్ చెప్తుంటాడు. అది నాకంటే మీకే బాగా తెలియాలి.

ఇంకో మాట. అదే జట్టులో విన్సెంట్ ఇవుచుక్వు అనే ఏడడుగుల కుర్రాడు ఉన్నాడు. సరిగ్గా ఏడాది ముందు, 2022 జులైలో, అతనికీ ప్రాక్టీసులోనే కార్డియాక్ అరెస్ట్ వచ్చింది. రెండు వేసవులు, ఒకే జట్టు, ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బతికారు, ఇద్దరూ ఆడుతున్నారు. నాకు ఈ దారంలో అన్నిటికన్నా పెద్ద వార్త అది.

ఆ అర సెకను భయం షాటు గురించేనని మీకు అంత నమ్మకం ఎలా?

గాలెన్_గోపి | 16 మార్చి 2024
అక్కా, నేను ఆ వైపు ఆలోచించనే లేదు. డిసెంబర్ 10న మొదటి మ్యాచ్, లాంగ్ బీచ్ స్టేట్ మీద, నేనక్కడే ఉన్నా. వాడు బెంచి మీద నుంచి లేవగానే హాలంతా లేచింది. ముందు రోజు రాత్రే వేగస్‌లో లేకర్స్‌తో ఇన్-సీజన్ కప్పు గెలిచిన తండ్రి ఇక్కడ కోర్టు పక్కన కూర్చున్నాడు. నాలుగు పాయింట్లు, ఒక త్రీ, వెనక నుంచి పరిగెత్తుకొచ్చి ఒక బ్లాక్. ఆ బ్లాక్‌కి పక్కన కూర్చున్న ముసలాయన నా భుజం చరిచాడు. ఓవర్‌టైంలో ఓడిపోయాం, 84-79. ఓడామన్న సంగతి ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.

కారంపొడి | 16 మార్చి 2024
అక్కా, నమస్తే. జులై సంగతి తెలియక కాదు, దాని మీద వాదించడం ఇష్టం లేక వదిలేశా. బతికాడు, సంతోషం. కానీ మీరు చెప్పినదే నా వాదనకి బలం. ప్రాక్టీసు లేదు, కాళ్లలో బలం లేదు, షాటు లేదు. మరి డ్రాఫ్ట్ కబుర్లు ఎందుకు? ఇదే కథ ఇంకో కుర్రాడిదైతే "పాపం, కోలుకోనీ, రెండేళ్ల తర్వాత చూద్దాం" అనేవాళ్లం. ఇక్కడ తొందర ఎవరిది? 2022లో పెద్దాయనే చెప్పాడుగా, నా చివరి ఏడాది నా కొడుకుతో కలిసి ఆడతానని. ఆ రోజు నుంచి కుర్రాడి టైంటేబుల్ తండ్రి రిటైర్‌మెంట్‌కి ముడిపడిపోయింది. నా కోపం కుర్రాడి మీద కాదు.

మలక్‌పేట_మామ | 16 మార్చి 2024
ఏందిరా ఈ గొడవ, మనకు కొత్తనా? అర్జున్ టెండూల్కర్‌ను చూడలేదా? ముంబయిలో చోటు దొరక్క 2022లో గోవాకు పోయిండు. అక్కడ రంజీ మొదటి మ్యాచ్‌లనే సెంచరీ కొట్టిండు, వాళ్ల నాన్న కొట్టినట్టే. ఆ మరుసటి రోజు పేపర్ల హెడ్డింగుల నాన్న పేరే ముందు.

2023 ఏప్రిల్‌ల ఉప్పల్‌కు పోయిన. ఆఖరి ఓవర్, మనకు 20 పరుగులు కావాలె, బంతి అర్జున్‌కు ఇచ్చిండ్రు. నా వెనక సీటోడు అరుస్తనే ఉన్నడు, "నాన్న కోటా, నాన్న కోటా" అని. భువనేశ్వర్ ఔట్, అదే ఐపీఎల్‌ల అర్జున్‌కు మొదటి వికెట్, మనం ఓడిపోయినం. వెనకోడు చప్పుడు చేయలేదు. రెండు నిమిషాలైనంక ఏమన్నడో తెలుసా? "అయినా సచినంత లేడు." అరే, ఎవడున్నడు చెప్పు!

వైజాగ్_వింగ్ | 16 మార్చి 2024
మామా 😂 ఆ వెనక సీటోడు కారంపొడి కాదు కదా?

కారంపొడి | 16 మార్చి 2024
ఆ రోజు నేను ఊళ్లో లేను. ఉంటే అనేవాడినే.

పాత_లేకర్ | 17 మార్చి 2024
చదువుకోడానికి 1989లో లాస్ ఏంజెలెస్ వచ్చాను. ఇక్కడే ఉండిపోయాను. నర్సు గారు రాసింది చదువుతుంటే 1990 మార్చి 4 గుర్తొచ్చింది. లొయోలా మేరీమౌంట్ ఆటగాడు హ్యాంక్ గాదర్స్ మ్యాచ్ మధ్యలో కుప్పకూలాడు, ఆ సాయంత్రమే పోయాడు. అతనికీ గుండె జబ్బే. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం టీవీ ముందు అన్నం కంచాలతో అలాగే కూర్చుండిపోయాం. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందంటే, ఆ షాక్ యంత్రం కోర్టు పక్కన ఉండటం, దాన్ని వాడటం వచ్చినవాళ్లు ఉండటం.

ఇక ఆట సంగతి. ఫ్రెష్‌మన్ అంకెలు చూసి ముద్ర వేసేవాళ్లకి ఇదే ఊళ్లో ఒక ఉదాహరణ ఉంది. 2006-07లో యూసీఎల్ఏలో ఒక ఫ్రెష్‌మన్ సగటు 3.4 పాయింట్లు. బ్రానీకంటే తక్కువ. ఇంకో ఏడాది ఉన్నాడు, 12.7 అయింది, 2008 డ్రాఫ్ట్‌లో నాలుగోవాడిగా పోయాడు. పేరు రస్సెల్ వెస్ట్‌బ్రూక్. జ్రూ హాలిడే కూడా అక్కడే ఒక్క ఏడాది ఆడాడు, 8.5 పాయింట్లు. డిఫెన్స్ చూసి 17వ స్థానంలో తీసుకున్నారు. గోపి గారు చెప్పిన ఆ స్క్రీన్ దాటే పని చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు.

అయితే వెస్ట్‌బ్రూక్‌కి రెండో ఏడాది దొరికింది. ఫ్రెష్‌మన్‌గా ఉన్నప్పుడు అతని పేరు ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండా చెడ్డగా ఆడే ఒక ఏడాది! అది ఎంత పెద్ద ఆస్తో ఇప్పుడు అర్థమవుతోంది.

[ఈ స్పందన తొలగించబడింది]

మోడరేటర్ | 17 మార్చి 2024
కుర్రాడి ఆరోగ్యం మీద, తల్లి మీద జోకులు వేసిన పోస్టు తీసేశాం. ఆట మీద ఎంతైనా తిట్టుకోండి. ఇంకోసారి అయితే దారానికి తాళం వేస్తాం.

ట్రోజన్_పిల్ల | 17 మార్చి 2024
నేను ఇక్కడే మాస్టర్స్ చేస్తున్నా. ఎవరూ అనని మాట ఒకటి. మా క్యాంపస్‌లో ఈ ఏడాది అసలు స్టార్ బ్రానీ కాదు, జూజూ వాట్కిన్స్. తనూ ఫ్రెష్‌మనే. బ్రానీ చదివిన సియెర్రా కాన్యన్ స్కూలే. అదే గాలెన్ సెంటర్. సగటు 27 పాయింట్లు! ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్ మీద 51 కొట్టింది. మా రూమ్మేట్స్ ముగ్గురం ఇప్పుడు అమ్మాయిల మ్యాచ్ టికెట్ల కోసం ముందే లైన్లో ఉంటున్నాం.

క్యాంపస్‌లో బ్రానీ మామూలుగా తిరుగుతాడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. గోల చేసేది చూడ్డానికి వచ్చినవాళ్లే. ఒక మ్యాచ్‌కి నా ముందు వరసలో ఒక చిన్నపిల్లాడు, బ్రానీ వేసుకునే ఆరో నంబర్ జెర్సీ. వాళ్ల నాన్న మ్యాచ్ అంతా ఎదుటి పక్క సీట్ల వైపు ఫోన్ జూమ్ చేస్తూ లెబ్రాన్ వచ్చాడా అని వెతుకుతూనే ఉన్నాడు. పిల్లాడు మాత్రం ఆటే చూశాడు.

బెజవాడ_బాస్కెట్ | 17 మార్చి 2024
చెల్లెమ్మా, మంచి మాట చెప్పావు. జూజూ 27 కొడితే అది జూజూదే. బ్రానీ 27 కొడితే "రక్తం అలాంటిది" అంటారు, రెండు కొడితే "రక్తం పలచబడింది" అంటారు. ఏది కొట్టినా వాడి ఖాతాలో పడదు.

పేరు కూడా చూడండి. బ్రానీ అనేది ముద్దుపేరు, అసలు పేరు లెబ్రాన్ జేమ్స్ జూనియర్. కొడుక్కి నా పేరు పెట్టి తప్పు చేశానని తండ్రే 2018లో టీవీలో అన్నాడు. మన ఇళ్లల్లో తాత పేరు పెడతారు, నాన్న పేరు పెట్టరు. ఎందుకో గానీ మంచి పనే.

కారంపొడి | 17 మార్చి 2024
పాపం పాపం అంటూ కథ మొత్తం ఒక వైపే నడిపిస్తున్నారు. ఇంకో వైపు కూడా చూడండి. స్కూల్లో ఉండగానే 2022లో నైకీ ఒప్పందం. పేరు, బొమ్మ అమ్ముకోవచ్చని కాలేజీ ఆటగాళ్లకి 2021లో అనుమతి వచ్చింది కదా, దాని ఫలం ఎక్కువగా తిన్నవాళ్లలో వీడొకడు. ఆ డబ్బు 4.8 పాయింట్లకి వచ్చిందా? ఇమేజ్ వల్ల వచ్చే లాభం తీసుకున్నప్పుడు ఇమేజ్ వల్ల వచ్చే తిట్లూ తీసుకోవాలి. అదే యూఎస్‌సీలో కోబీ జాన్సన్ అనే గార్డ్ వీడికంటే బాగా ఆడాడు. మనలో ఎంతమందికి తెలుసు?

గాలెన్_గోపి | 17 మార్చి 2024
నాకు తెలుసు 🙂 కానీ నీ మాట నిజమే. కోబీ మీద దారం పెడితే ముగ్గురు కూడా రారు.

డాలస్_నాన్న | 18 మార్చి 2024
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా.

మా వాడికి పదమూడేళ్లు. ఫ్రిస్కోలో ఒక క్లబ్ జట్టుకి ఆడతాడు. ఫీజు, టోర్నమెంట్లకి ప్రయాణాలు, హోటళ్లు, ఏడాదికి ఎంతవుతుందో మా ఆవిడకి ఇంకా సరిగ్గా చెప్పలేదు. మనవాళ్లలో చాలామంది స్పెల్లింగ్ బీ అంటారు, నేను బంతి అన్నా. కారణం ఏమిటంటే 2015లో మా డాలస్ జట్టే పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని 52వ స్థానంలో తీసుకుంది. డ్రాఫ్ట్‌లోకి వెళ్లిన మొదటి భారతీయుడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మా వాడికి అప్పుడు నాలుగేళ్లు. సత్నామ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదన్న సంగతి నేను మా వాడికి ఎప్పుడూ చెప్పలేదు. వాడే గూగుల్ చేసుకున్నాడు.

గోపి రాసిన అర సెకను మా వాడికీ ఉంది. ఆ అర సెకనులో వాడు డిఫెండర్‌ని చూడడు. స్టాండ్స్‌లో నన్ను చూస్తాడు. నేను మొదటి వరసలో కూర్చుని "షూట్, షూట్" అని అరుస్తుంటా. మొన్న కోచ్ పక్కకి పిలిచి, సార్, మీరు కొంచెం పైన కూర్చుంటారా అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఫీజు కట్టేది నేను కదా అనుకున్నా. మీ పోస్టులు చదివాక ఆ కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు.

నర్సక్క_ఎన్‌జే | 18 మార్చి 2024
తమ్ముడూ, పైన కూర్చో. అక్కడి నుంచి కూడా బాగానే కనపడుతుంది. మీ వాడికి గుండె పరీక్ష చేయించావా? కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని ముందు మీ పెద్దవాళ్లని అడుగు. అది ఫీజు లేని పరీక్ష.

మలక్‌పేట_మామ | 18 మార్చి 2024
లెబ్రాన్ ఫిబ్రవరిల ఎక్స్‌ల ఏం రాసిండో చదివిండ్రా? ఈఎస్‌పీఎన్ మాక్ డ్రాఫ్ట్‌ల (డ్రాఫ్ట్‌ల ఎవరు పోతరో ముందే వేసే అంచనా లిస్టుల) పిల్లగాని పేరు 2024 నుంచి తీసి 2025 లిస్టుల పెట్టిండ్రు. పిల్లగాన్ని పిల్లగాని లెక్క ఉండనియ్యండి, కాలేజీ ఆట ఆడుకోనియ్యండి అని తండ్రి రాసిండు. మాట మంచిదే. కానీ వానితో కలిసి ఆడుతనని దేశమంతా చాటింపు వేసిందెవరు మరి?

పాత_లేకర్ | 18 మార్చి 2024
మామ గారూ, ఇద్దరూ ఒకరే. తండ్రి కూడా మనిషే. పొద్దున ఒకటి అంటాడు, కొడుకు ముఖం చూశాక రాత్రి ఇంకోటి అంటాడు. మనింట్లో అయితే అది వంటగది దాటదు. ఆయన మాట పేపర్లో పడుతుంది.

గాలెన్_గోపి | 6 ఏప్రిల్ 2024
దారం పైకి లాగుతున్నా. కోచ్ ఎన్‌ఫీల్డ్ ఎస్‌ఎంయూకి వెళ్లిపోయాడు, మసెల్‌మన్ వచ్చాడు. నిన్న బ్రానీ డ్రాఫ్ట్‌కి పేరిచ్చాడు, అదే చేత్తో కాలేజీ మారాలనుకునేవాళ్ల ట్రాన్స్‌ఫర్ పోర్టల్లోనూ వేశాడు. అంటే అన్ని తలుపులూ తెరిచే ఉంచాడు. ఇంకో ఏడాది కాలేజీలో ఉంటే బాగుండని నా ఆశ. కొత్త ఊరు, చిన్న కాలేజీ, ముప్ఫై నిమిషాలు ఆట.

బెజవాడ_బాస్కెట్ | 6 ఏప్రిల్ 2024
ఏ చిన్న కాలేజీ గోపీ? వాడు వెళ్లిన మరుక్షణం అది పెద్ద కాలేజీ అవుతుంది.

కారంపొడి | 15 మే 2024
షికాగో కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లకి పెట్టే పరీక్షల్లో) బ్రానీని కొలిచారు. యూఎస్‌సీ కాగితం మీద ఆరడుగుల నాలుగంగుళాలు. బూట్లు విప్పితే ఆరడుగుల ఒకటిన్నర. రెండున్నర అంగుళాలు ఎవరు తిన్నారు?

బెజవాడ_బాస్కెట్ | 15 మే 2024
అందరి కాలేజీ కాగితాలూ అంతే, బూట్లతో కొలుస్తారు, పైన ఇంకొంచెం కలుపుతారు. మిగతా సగం నువ్వెందుకు రాయలేదు? నిలువు ఎగురుడు 40.5 అంగుళాలు. త్రీల పరీక్షలో 25కి 19 పడ్డాయి. ఎవరూ అడ్డం లేకపోతే ఆ చెయ్యి పనిచేస్తుంది. మార్చిలో నేను చెప్పిందీ అదే.

కారంపొడి | 15 మే 2024
ఎన్‌బీఏలో ఎవరూ అడ్డం ఉండరా బాస్?

గాలెన్_గోపి | 28 జూన్ 2024
55. లేకర్స్. నాన్న జట్టే.

కారంపొడి | 28 జూన్ 2024
ఇక నేనేం మాట్లాడను. ఒక్క మాట. అదే లేకర్స్ మొదటి రౌండ్‌లో 17వ స్థానంలో డాల్టన్ నెక్ట్ అనే వాడిని తీసుకుంది. జూనియర్ కాలేజీలో మొదలుపెట్టి, నార్తర్న్ కొలరాడో మీదుగా టెనెసీ చేరి, 23 ఏళ్లకి సగటు 21.7 కొట్టినవాడు. ఐదేళ్లు కాలేజీలో కొట్టుకున్నవాడికీ, 25 మ్యాచ్‌లు ఆడినవాడికీ ఒకే జెర్సీ. పేపర్లో మొదటి పేజీ ఎవరిదో నేను చెప్పాలా?

పాత_లేకర్ | 28 జూన్ 2024
ఒకటి గమనించండి. 55 అంటే దాదాపు చివర. ఆ స్థానంలో వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏడాదిలో మాయమైపోతారు, ఎవరూ అడగరు. లేకర్స్ వాళ్లు లాటరీ టికెట్ కొన్నట్టు కొన్నారు. డాలస్ నాన్న గారి సత్నామ్ 52, గుర్తుందిగా.

డాలస్_నాన్న | 28 జూన్ 2024
గుర్తుంది. మా వాడు కూడా అదే అన్నాడు రాత్రి.

మలక్‌పేట_మామ | 23 అక్టోబర్ 2024
నిన్న చూసిండ్రా? టింబర్‌వుల్వ్స్ మీద రెండో క్వార్టర్ల తండ్రీకొడుకులు ఇద్దరూ లేచి ఒక్కసారే లోపలికి పోయిండ్రు. ఎన్‌బీఏల ఇట్ల ఎన్నడూ కాలేదు. మూడు నిమిషాలు కూడా లేదు, ఒక రీబౌండ్, పాయింట్ లేదు. బేస్‌బాల్‌ల ముందే ఇట్ల కలిసి ఆడిన గ్రిఫీ తండ్రీకొడుకులు గూడ వచ్చి కూర్చున్నరు. పొద్దుగాల ఏడున్నరకే టీవీ ముందు కూర్చున్న, మా ఆవిడ చాయ్ చల్లారిందని తిట్టింది. నా కండ్లు తడిసినయ్, కారంపొడికి చెప్పకుండ్రి.

కారంపొడి | 23 అక్టోబర్ 2024
చదివాను మామా.

గాలెన్_గోపి | 22 మార్చి 2025
ఏడాది తర్వాత మళ్లీ నేనే. మధ్యలో జరిగింది మీకు తెలుసు. జనవరిలో ఫిలడెల్ఫియా మీద పావుగంట ఆడి ఐదుకి ఐదూ పోగొట్టాడు, టీవీల్లో వారం పాటు ఉతికేశారు. ఆ తర్వాత టీవీ విమర్శకుడు స్టీఫెన్ ఎ. స్మిత్ దగ్గరకి పెద్దాయనే కోర్టు పక్కకి వెళ్లి మాట్లాడాడు. అదో పెద్ద రచ్చ. ఈ లోపు కుర్రాడు ఎక్కువగా ఎన్‌బీఏ కింది స్థాయి జీ లీగ్‌లో, సౌత్ బే జట్టుకి ఆడుతున్నాడు. ఆ హాలు చిన్నది. ఫిబ్రవరిలో ఒక రాత్రి వెళ్లా.

అదే కార్నర్. అదే పాస్. బంతి అందింది, వేసేశాడు. పోయింది. వెనక్కి పరిగెత్తాడు, డిఫెన్స్ ఆడాడు. మళ్లీ అందింది, మళ్లీ వేశాడు. అరచేతులు బూట్లకి రుద్దుకోడం కోసం చూశా. ఒక్కసారి కూడా రుద్దుకోలేదు.

మొన్న లేకర్స్‌కి ఆడుతూ బక్స్ మీద 17 పాయింట్లు, పది షాట్లకి ఏడు.

కారంపొడి | 22 మార్చి 2025
లేకర్స్ 29 తేడాతో ఓడిన మ్యాచ్‌లో. లెబ్రాన్ లేడు, డాన్చిచ్ లేడు. ఫలితం తేలిపోయాక వచ్చిన పాయింట్లు అవి, వాటికి విలువెంత?

బెజవాడ_బాస్కెట్ | 22 మార్చి 2025
పదికి ఏడు అంటే పదికి ఏడే. నాన్న లేని రోజే కొట్టాడు, అది కూడా రాసుకో.

నర్సక్క_ఎన్‌జే | 22 మార్చి 2025
నేను పాయింట్లు చూడలేదు. 30 నిమిషాలు పరిగెత్తాడు. మా డ్యూటీ రూంలో అందరికీ చూపించాను.

డాలస్_నాన్న | 23 మార్చి 2025
అందరికీ నమస్తే. మా వాడి క్లబ్ మారింది, ఇప్పుడు చిన్న జట్టు. అక్క చెప్పిన పరీక్ష చేయించా, బాగుంది. నిన్న పై వరసలో కూర్చున్నా, పాప్‌కార్న్ కూడా కొనుక్కున్నా. వాడికి నేను ఎక్కడున్నానో మొదటి క్వార్టర్ అంతా దొరకలేదు.

గాలెన్_గోపి | 23 మార్చి 2025
ఎన్ని కొట్టాడు?

డాలస్_నాన్న | 23 మార్చి 2025
నాలుగు. నాలుగూ ఫ్రీ త్రోలే.

కారంపొడి | 23 మార్చి 2025
ఎన్నింటికి నాలుగు?